మూడొద్దుల పాటకు యాదమ్మత్త చందా

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా తమ్ముడి కొడుకు నవీన్ జల్‌పల్లిలో మా ఇంటికి వచ్చాడు. కార్వాన్‌లో మేము పుట్టి పెరిగిన గల్లీలో ఏటా మూడు సాయంత్రాలు పాట కచేరీ జరుగుతుంది. మూడొద్దుల పాట అంటారు దాన్ని. దసరా పోయి దీపావళి రాకముందు, వానలు వెనక్కి తగ్గిన రోజుల్లో పెడతారు. ఈ ఏడు కమిటీ పని వాడి మీద పడింది. చెప్పులు విడుస్తూనే సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి నా ముందు పెట్టి, "అత్తా, ఒక్కసారి లెక్క చూడు. నువ్వు సరే అంటే ఫైనల్ చేస్త" అన్నాడు. నేను కామర్స్ చదివినదాన్ని కాను. పదో తరగతితో బడి అయిపోయింది. కానీ మా వాళ్లలో ఎవరింట పెళ్లి లెక్క తేలకపోయినా, ఎవరి ఇంటి స్లాబు ఖర్చు హద్దు మీరినా నా దగ్గరికి వస్తారు. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. స్టేజీ, స్పీకర్లు, పెద్ద తెర, పాడేవాళ్ల రానుపోను, భోజనాలు, ఖర్చు వైపు స్క్రీను కిందిదాకా వరుసలే. జమ వైపు మాత్రం ఒక్కటే వరుస ఉంది. ప్లాట్లు అమ్మే ఒక కంపెనీ మొత్తం ఖర్చు పెట్టుకుంటుందట.

కూడికలో తప్పు లేదు. అయినా నా కన్ను ఆ ఒక్క వరుస మీదే ఆగింది. "ఎవరెవరొస్తరు రా?" అని అడిగాను. "ఫ్రీ గద అత్తా, అందరొస్తరు. పోయినేడు ఫోన్ల పైసలు పంపుమంటే సగం మంది మర్చిపోయిండ్రు. కుర్చీలన్ని ఖాళీ. ఈసారి ఎవర్నీ అడుక్కునే ఫికరే లేదు" అన్నాడు, భారం దించుకున్న మనిషిలాగా. "గిట్లనే ఒకసారి చేసినం రా మేము" అన్నాను. "మంచిగైందా మరి?" అన్నాడు. పొయ్యి మీద సర్వపిండి మాడు వాసన వచ్చేసరికి లేచి లోపలికి పోయాను. సర్వపిండి తిప్పివేస్తున్నానన్న మాటేగానీ నా మనసు అప్పటికే పాత గల్లీలో తిరుగుతోంది. వాడు తింటున్నంతసేపూ చెప్పాను. వాడికి చెప్పింది కొంతే. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు రెండు గదులది. ముందు గదిలో మా మేనత్త యాదమ్మ బొంతలు కుట్టేది. ఆమె మా బాపుకు అక్క. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చి, ఆ గదినీ, ఆ గదిలోంచి గల్లీనీ ఏలుకుంది. పాత చీరలు, లుంగీలు, పరదాలు, దుప్పట్లు ఇరుగుపొరుగు తెచ్చి పడేస్తే వాటిని పొరలుగా పేర్చి, గోడకు జారగిలబడి కుట్టుకుంటూ పోయేది. ఏ పొర ఎవరి చీరో మాకు తెలిసేది. అందుకేనేమో మా ఇంట్లో ఎప్పుడూ పది ఇళ్ల వాసన ఉండేది. సబ్బు, సాంబ్రాణి, వేయించిన ఉల్లిగడ్డ, దానికి తోడు అత్త మోకాళ్లకు రుద్దుకునే నువ్వుల నూనె, కర్పూరం. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. సూదిని కొప్పులో గుచ్చుకుని మర్చిపోయి ఇల్లంతా వెతికించేది. దొరికాక మమ్మల్నే తిట్టేది.

బాపు బస్సుల డిపోలో మెకానిక్. సాయంత్రం రాగానే వాకిట్లో కూర్చుని చేతులకు ముందు కిరోసిన్, తర్వాత రంపపు పొట్టు, చివరికి సబ్బు రుద్దుకునేవాడు. ఈ మూడూ అయితేగానీ ఢోలక్ ముట్టడు. వానాకాలం చర్మం మెత్తబడితే బొగ్గుల అంగీఠీకి కాస్త దూరంగా పట్టి వేడి చూపేవాడు. వేడెక్కిన తోలు వాసన వచ్చిందంటే పండుగ దగ్గరపడిందని మా లెక్క. ఏడాదిలో మిగుల్చుకున్న సెలవంతా ఆ మూడు రోజులకే. జ్వరం వచ్చినా డిపోకు పోయేవాడు గానీ ఆ సెలవు కదిలించేవాడు కాదు. మూడొద్దుల పాట మొదలుపెట్టింది ఆయనా, ఆయన ఈడు నలుగురూ. భజనలు పాడేవాళ్లు, ఖవ్వాలీ పాడేవాళ్లు, చర్చిలో హార్మోనియం వాయించే ఒకాయన, ఎల్లమ్మ కథ చెప్పే ఒక జంట, అందరూ ఆ చుట్టుపక్కల వాళ్లే. మేళానికి పెద్ద పేరంటూ ఏమీ లేదు. గల్లీ మధ్యలో పైకప్పుగా తాటిపత్రి గుడ్డ కట్టి, నాలుగు చెక్కబల్లలు కలిపితే అదే స్టేజీ.

పైసలు ఎట్లా వచ్చేవంటే, యాదమ్మత్త తెచ్చేది. పండుగకు వారం ముందు నుంచి పొద్దు వాలగానే ఇత్తడి పళ్లెంలో శక్కెర పోసుకుని, మీద శుభ్రమైన గుడ్డ కప్పుకుని బయల్దేరేది. ఒక్క ఇల్లు వదిలేది కాదు. ఇచ్చినవాళ్లు ఇచ్చినంత. రూపాయో రెండో ఇచ్చేవాళ్లు, సోలెడు బియ్యం పోసేవాళ్లు, దీపాలకు గ్యాసునూనె సీసా ఇచ్చేవాళ్లు. ఎవరు ఎంతిచ్చారో మైకులో చదవడం మా దగ్గర లేదు. ఇచ్చిన చేతిలో చిటికెడు శక్కెర వేసి, గడప మీద కూలబడి, "ఏం వినాలనుంది ఈయేడు?" అని అడిగేది. దాన్ని ఫర్మాయిష్ అనేవాళ్లు. ఆ ఇంటివాళ్లు చెప్పేవాళ్లు. తత్వం కావాలని ఒకరు, నాటు పాట కావాలని ఒకరు, ప్రవక్త మీద నాత్ కావాలని ఒకరు. ఒక ఇంట్లో అత్త ఒకటి చెబితే కోడలు కావాలని ఇంకోటి చెప్పేది, పళ్లెం అక్కడే అరగంట ఆగిపోయేది. కిరాణం కిష్టయ్య ఫర్మాయిష్ మాత్రం ఏటా ఒకటే. "మీ కమిటీల ఆ బొంగురు గొంతాయన ఉన్నడు సూడు యాదక్కా, ఆయన్ను పాడనియ్యకుండ్రి. గదే నాకు వినాలనుంది." ఏటా ఆయన పాడేవాడు, ఏటా కిష్టయ్య ముందు వరుసలో కూర్చుని చెవులు మూసుకునేవాడు.

నేను అప్పటికి బడి మానేసి బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో కుదిరాను. యజమాని మోహన్‌లాల్ సేఠ్‌ది మా గల్లీ చివరి మేడ. గిన్నెలు అక్కడ తూకానికి అమ్ముతారు. కిలోకు ఇంత, కిలోంబావుకు ఎంత, రెండున్నరకు ఎంత అని కాగితం లేకుండా నోటితో చెప్పాలి. సేఠ్‌కు చిన్నప్పుడు వాళ్ల తాత నేర్పిన ఒకటింబావు ఎక్కం, ఒకటిన్నర ఎక్కం వచ్చు. ఆయన గొణుక్కుంటుంటే విని విని నేను పట్టేశాను. సేఠ్ చెడ్డ మనిషి కాడు. పాటంటే ప్రాణం. మూడు సాయంత్రాలూ వచ్చి, వెనక గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని తల ఊపేవాడు. నేను చెప్పబోయే ఏడు అత్త మోకాలు వాచి బూరెలా అయింది. మెట్టు దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. వసూలు ఎట్లా అని బాపు దిగాలుగా ఉన్న సంగతి నా నోటి నుంచే విని, సేఠ్ ఆ సాయంత్రం మా వాకిట్లోకి వచ్చాడు. "నర్సింగ్ భాయ్, చందా గిందా ఛోడో. ఈయేడు మొత్తం నాది. తాటిపత్రి, బత్తీలు, మైకు, నాష్తా, సబ్. యాదక్కను కూసోనియ్యి ఆరామ్‌గా" అన్నాడు బాపుతో. బోర్డు మీద పేరు కూడా వద్దన్నాడు.

బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కను నడిపించకుండా గడిచే దారి దొరికిందని ఆయన సంతోషం. నాకు లెక్క కూడా కుదిరింది. వారం పొద్దులు తిరిగి తెచ్చేదానికన్నా సేఠ్ ఇచ్చేది ఎక్కువ. అత్త మాత్రం బొంతలోంచి తల ఎత్తకుండా, "మంచిదే. గని అడగకుండ వచ్చింది అరుగుతదా" అంది. మోకాలి నొప్పితో అట్లా మాట్లాడుతోందని అందరం అనుకున్నాం.

మొదటి పొద్దు రానే వచ్చింది. అంత సొగసుగా గల్లీని నేను అంతకుముందు చూడలేదు. చిల్లుల్లేని తాటిపత్రి, వరసగా ట్యూబులైట్లు, కింద కొత్త జంఖానాలు. కొత్త నూలు వాసన గుప్పుమంటోంది. ఏడు దాటింది. పాడేవాళ్లు స్టేజీ ఎక్కారు. కమిటీ వాళ్ల పెళ్లాం పిల్లలు, సేఠ్, సేఠ్ దుకాణం మనుషులు ఇద్దరు, అంతే. జంఖానాల మీద చెయ్యి చాచి పడుకోవచ్చు. బాపు ఢోలక్ మీద చెయ్యి వేసి గల్లీ మలుపు వైపే చూస్తున్నాడు. ఇంకొంచెం చూద్దామని భజన ఒకటి ఎత్తుకున్నారు. ఇళ్లన్నిట్లో దీపాలున్నాయి. తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. కిష్టయ్య దుకాణం కూడా మూసేశాడు. ఆ బొంగురు గొంతాయన పాడుతుంటే ముందు వరుసలో చెవులు మూసుకునే మనిషి లేక ఆయనకే తాళం తప్పింది. సేఠ్ ఈసారి కళ్లు మూసుకోలేదు. నలువైపులా చూస్తూ కూర్చున్నాడు. తొమ్మిదికల్లా దీపాలు ఆర్పేశారు.

బాపు ఇంటికి వచ్చి ఢోలక్‌ను గోడకు ఆనించి, చెయ్యి కడుక్కోకుండానే కూర్చున్నాడు. "జనానికి మొహం మొత్తింది. సినిమాలున్నయ్, టీవీలున్నయ్. ఇగ మన పాట ఎవరికి గావాలె. ఈ రెండొద్దులు ఎట్లనో గడిపి వచ్చేటేడు సంది బంద్ జేద్దాం" అన్నాడు. కోపంగా చెప్పలేదు. అందుకే నాకు భయం వేసింది. డిపోలో ఏదైనా బస్సు ఇంక రిపేరుకు రాదని తేలితే చెప్పే గొంతు అది.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డాను. పక్కింటి ఖాజాబీ నా ముందుంది. రోజూ నాకు బిందె ఎత్తిపెట్టే మనిషి, ఆ రోజు ఎత్తలేదు. "ఏమైంది పిన్నీ?" అంటే నీళ్ల వైపే చూస్తూ, "నాకేమైతది. మీ అత్తనడుగు. మా ఇంటి గడప ఎందుకు తొక్కలేదో, మేం ఏం ఖసూర్ చేసినమో. మొన్న బొంత కుట్టిచ్చినప్పుడు రెండ్రూపాలు ఆపిన, నిజమే. పండుగ అయినంక ఇస్తనని చెప్పిన గద. గంత మాత్రానికి నా ఇల్లొక్కటే వదిలిపెడ్తరా?" అంది. నాకు మొదట అర్థం కాలేదు. "నీ ఇల్లొక్కటే కాదు పిన్నీ, ఎవరింటికీ రాలేదు" అన్నాను. నా వెనక ఉన్న మనిషి, "అట్లనా? మేము నల్లాకాడి కొట్లాట మనసుల పెట్టుకుందనుకున్నం" అంది. ఆ వెనకామె, తమ ఇంటికి కొత్త కోడలు వచ్చినప్పుడు యాదమ్మత్తను భోజనానికి చెప్పడం మరిచిపోయామని, దానికే అయుంటుందని చెప్పింది. ఖాజాబీ ఒక్క నిమిషం అందరి మొహాలూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నీళ్లు నిండి పొర్లుతున్నా ఎవరూ బిందె తీయలేదు.

ఎవరికి వాళ్లు తమ ఇంటినే వదిలేశారనుకున్నారు. మా దగ్గర కరపత్రం వేసే అలవాటు లేదు, మైకు పెట్టిన ఆటో తిరగదు. యాదమ్మత్త గడప మీద కూర్చుని శక్కెర పెట్టి అడగడమే రమ్మని చెప్పడం. అది జరగని ఇంటికి ఆ ఏడు పిలుపు లేనట్టే. పాట వాళ్ల గోడ దాటి లోపలికి వస్తున్నా, పిలవని పేరంటానికి పోగూడదని తలుపులు దగ్గరికి వేసుకున్నారు. ఈ సంగతి పాట పెట్టేవాళ్లమైన మాకే తెలియదు. ఇన్నేళ్లూ చందా అంటే పైసలనే మేమూ అనుకున్నాం.

బిందె అక్కడే వదిలి ఇంటికి పరుగెత్తి చెప్పాను. అత్త సూది కొప్పులో గుచ్చి, "పళ్లెం తియ్యి" అంది. "అక్కా, నీ మోకాలు ఎట్లుందో చూసినవా? నేను పోత తియ్యి" అన్నాడు బాపు. "నువ్వు పోతే కరెంటు బిల్లుకొచ్చిండనుకుంటరు. మోకాలు నాది, ఇజ్జత్ నీది. ఏది ముందు పోవాల్నో చెప్పు" అంది. బాపు పళ్లెం తీసి ఆమె చేతికిచ్చాడు. బేగంబజార్ నుంచి గిన్నెలు చేరవేసే హమాలీ మల్లేశ్ మా గల్లీలోనే ఉండేవాడు. ఆయన ఠేలా బండి మీద నాలుగు బొంతలు పరిచి అత్తను కూర్చోబెట్టాం. కాలు చాపుకుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని కూర్చుంది. మల్లేశ్ వెనక నుంచి నెడుతూ, "తప్పుకోండ్రి, తప్పుకోండ్రి, కలెక్టరమ్మ వస్తుంది" అని అరుస్తుంటే, "కలెక్టర్ గాదు బిడ్డా, కలెక్షన్" అంది అత్త.

ఆ పూట తిన్న తిట్లు ఏ కచేరీలోనూ వినలేదు. "ఇప్పుడు యాదికొచ్చినమా?" అని ఒకరు, "సేఠ్ పైసలు అయిపోయినయా ఏంది?" అని ఒకరు. తిట్టిన చేతుల్తోనే అత్తకు చాయ్ తెచ్చిచ్చారు, బండి దగ్గరికే పీట వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్క ఇంటి ముందూ ఒక్కో తప్పు బయటపడుతోంది. కిష్టయ్య దుకాణం ముందు బండి ఆగేసరికి ఆయన దిగి వచ్చి గొంతు తగ్గించి, "ఆ కందిపప్పు సంగతి నీకు ఎవరు చెప్పిండ్రు యాదక్కా?" అన్నాడు. "ఏ కందిపప్పు?" అంది అత్త. కిష్టయ్య మొహం ఎర్రబడింది. "ఏం లేదు, ఏం లేదు, తూకం రాయి జర అరిగింది, గంతే. మార్పిస్త" అన్నాడు. "తెల్వకుండె. ఇప్పుడు తెలిసింది. ఫర్మాయిష్ చెప్పు" అంది. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఆ బొంగురాయనే పాడనియ్యి. నిన్న వింటుంటే పాపమనిపిచ్చింది" అన్నాడు. తలుపు దగ్గరికి వేసుకున్నవాళ్లంతా అన్నీ విన్నారన్నమాట.

బండి చివరికి సేఠ్ మేడ ముందు ఆగింది. సేఠ్ కంగారుగా మెట్లు దిగి వచ్చాడు. "అరే యాదక్కా, పూరా తో దే దియా నా, మొత్తం ఇచ్చిన గద. ఇంకేం తక్కువైంది?" "నువ్వు మస్తిచ్చినవ్ సేఠ్. నీ మనసు పెద్దది. గని నువ్వు ఇచ్చింది ఖర్చు. చందా ఇయ్యలే" అంది అత్త. సేఠ్ అర్థం కానట్టు నా వంక చూశాడు. లెక్కల మనిషిని గదా, నేనేమన్నా విడమరచి చెబుతానని. నేను పళ్లెం వైపు చూపించాను. సేఠ్ జేబులోంచి రెండు రూపాయలు తీసి పళ్లెంలో వేసి, పిల్లాడిలా చెయ్యి చాచాడు. అత్త శక్కెర వేసి, "ఏం వినాలనుంది ఈయేడు?" అంది. ఇన్నేళ్లూ ఆ ఇంట ఎప్పుడడిగినా సేఠ్ భార్య గీతాబాయి లోపలి నుంచే "ఆప్ జో చాహే, మీ ఇష్టం" అని పంపేసేదట. ఆ రోజు సేఠ్ శక్కెర నోట్లో వేసుకుని, వాళ్ల ఊళ్లో వానకోసం ఎదురుచూస్తూ ఆడవాళ్లు పాడే పాట ఒకటి ఉందని, వాళ్ల అమ్మ పాడేదని, విని చాలా కాలమైందని చెప్పాడు. "మా వాళ్లకు రాదే అది. ఎవరికొస్తది?" అంది అత్త. సేఠ్ తల వెనక్కి తిప్పి మెట్ల వైపు చూశాడు. పరదా వెనక గాజుల చప్పుడైంది.

ఆ సాయంత్రం ఆరింటికే గల్లీ నిండింది. కింద కొత్త జంఖానాలున్నా ప్రతి ఇంటివాళ్లూ తమ చాపో బొంతో తెచ్చుకుని వాటి మీదే పరుచుకున్నారు. సేఠ్ జంఖానా అంచు ఎక్కడా కనబడలేదు. ఫర్మాయిష్‌లు మూడు పొద్దులవి రెండు పొద్దుల్లో ఇరికించాల్సి వచ్చింది. ఏ పాట ముందు, ఏది వెనక అని బాపుకూ ఖవ్వాలీ వాళ్లకూ స్టేజీ మీదే వాదన. జనం అందులోనూ చెరో పక్షం చేరారు. బొంగురు గొంతాయనకు చప్పట్లు పడితే ఆయన నమ్మలేక ఇంకోసారి పాడబోయాడు. "ఒక్కటే అన్న" అని కిష్టయ్య లేచి నిలబడ్డాడు. గీతాబాయి స్టేజీ ఎక్కలేదు. ఆడవాళ్ల మధ్య, ఖాజాబీ పక్కన కూర్చుని, తల మీది కొంగు ముక్కుదాకా లాక్కుని పాడింది. మొదట ఏమీ వినబడలేదు. హార్మోనియం ఆయన శ్రుతి పట్టుకున్నాడు, బాపు వేళ్ల చివర్లతో మెల్లగా తాళం అందించాడు. మాటలు మాలో ఎవరికీ తెలియవు. రెండోసారి పల్లవి వచ్చేసరికి ఆడవాళ్లంతా కలిశారు. సేఠ్ వెనక గోడ దగ్గర లేడు. ఎప్పుడు వచ్చాడో, ముందు జనంలో ఎవరి బొంత మీదో మఠం వేసుకుని కూర్చుని ఉన్నాడు.

మూడో పొద్దు అయిపోయాక బాపు ఇంటికి వచ్చి వాకిట్లో కూర్చుని, వచ్చే ఏడు తాటిపత్రి ఇంకో రెండు గజాలు పొడుగు కావాలని మాత్రం అన్నాడు. సేఠ్ ఇచ్చిందాంట్లో మిగిలిన సొమ్ముతో జంఖానాలూ, మైకూ గల్లీ సొంతమయ్యాయి. అవి చాలా ఏళ్లు పనికివచ్చాయి. ఆ తర్వాత నేను ఎన్నో దుకాణాల లెక్కలు చూశాను. వసూలుకు అయ్యే ఖర్చు ఎప్పుడూ తగ్గించాల్సిన వరుసే. ఒక్క ఆ లెక్కలోనే అది జమ వైపు రాయాల్సింది. పుస్తకాలు చదివి ఉంటే దానికేదో పేరు దొరికేదేమో. నాకు దొరికింది ఠేలా బండి వెనక నడిచిన ఆ ఒక్క పూట.

చెప్పిందంతా విని నవీన్ చెయ్యి కడుక్కుని వచ్చి, "కథ మంచిగుందత్తా. గని అప్పుడు మన గల్లీల అందరూ మోకాలు ఎత్తు గడపల ఇండ్లల్ల ఉండె. ఇప్పుడు నాలుగంతస్తుల బిల్డింగులు. కింద వాచ్‌మెన్ ఉంటడు, తలుపుకు కెమెరా ఉంటది. సగం మంది ఎవరో మనకే తెల్వదు. పైసలడిగితే దొంగలనుకుంటరు" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. కంపెనీ పైసలు వద్దని నేను అనలేదు. సేఠ్ పైసలూ మేము వాపస్ ఇవ్వలేదు గదా. ఆ రోజుల్లాంటి రోజులు ఇప్పుడు లేవని ఏడ్చే మనిషినీ కాను. నల్లా దగ్గర గంటలకొద్దీ నిలబడిన వాళ్లకు ఇంట్లో తిప్పితే వచ్చే నీళ్ల విలువ తెలుసు. "పైసలు అడగొద్దు, పాటకు రమ్మని, ఏం వినాలనుందని అడుగుదాం. వాళ్లంతట వాళ్లిస్తే తీస్కో. నేను గూడ వస్త, నడువు" అన్నాను. వాడు నా మోకాళ్ల వైపు చూశాడు. "లిఫ్టు ఉంటది గద రా" అన్నాను.

అట్లా వారం పాటు జల్‌పల్లి నుంచి బస్సులో కార్వాన్‌కు పోయి, వాడు ఆఫీసు నుంచి వచ్చాక ఇద్దరం కలిసి తిరిగాం. కొన్ని తలుపులు తెరవలేదు. కొన్ని గొలుసు వేసే మాట్లాడాయి. ఒకామె లోపలి నుంచే, "మీరు ఏ యాప్ నుంచి వచ్చిండ్రు?" అని అడిగింది. నవీన్‌కు మొదటి పూట నోరు పెగల్లేదు. రెండో పూటకు వాడే ముందు నడిచాడు. మూడో పూట ఒక ఇంట్లో చాయ్ తాగి బయటికి వచ్చి, "ఆ సార్‌ది మా ఆఫీసే అత్తా. రోజూ ఒక్కటే బస్సుల పోతున్నం" అన్నాడు. మా పాత ఇల్లున్న చోట లేచిన బిల్డింగులో, మూడో అంతస్తులో చివరి తలుపు కొట్టాం. తెల్లని పంచె కట్టుకున్న పెద్దాయన తీశాడు. కోస్తా వైపు మాట. ప్రభుత్వ ఆఫీసులో చేసి రిటైరయ్యాడట. నవీన్ పాటకు రమ్మని చెప్పి, ఏం వినాలనుందని అడిగాడు. ఆయన తల తిప్పి లోపల వంటింటి వైపు చూశాడు. మేము తప్పు తలుపు కొట్టామేమో అనుకున్నాను.

"పదేళ్లయిందండీ మేమిక్కడికి వచ్చి" అన్నాడు ఆయన. "ఏటా ఆ మూడు రోజులూ వంటింటి కిటికీ తెరుచుకుని ఇద్దరం వింటూనే ఉంటాం. దిగి వద్దామని మా ఆవిడ అంటుంది. పరాయివాళ్లం, ఎవరన్నా రమ్మంటే కదా అని నేనే ఆపేవాణ్ణి."

లోపలి నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "కింద కూర్చోవాలాండీ, కుర్చీలుంటాయా? నాకు నడుం నొప్పి."

నవీన్ నా వైపు చూడలేదు. గడప దాటి లోపలికి ఒక అడుగు వేసి, "రెండూ ఉంటయమ్మా. ముందు వరసల మీ ఇద్దరికీ కుర్చీలు నేనే ఏస్త. ఆరింటికి వచ్చి తోలుకపోత" అన్నాడు.